మానిన కాలికి కట్టు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను సర్కారు గుమాస్తాను. సగం ఆఫీసులు డేరాల్లో నడుస్తుంటే, నాకు మాత్రం పాతూళ్లో ఒక జట్కా ఆయన ఇంటికి ఎదురుగా గది దొరికింది. ఆ వీధిలో ఒక ఎర్ర కుక్క ఉండేది. ఒకనాడు ఏదో ఆఫీసు జీపు దాని వెనక కాలిని ఒరుసుకుంటూ పోయింది. ఎముక విరగలేదు గానీ తోలు లేచిపోయింది. నాలుగు రోజులకు పుండులో పురుగులు పడ్డాయి.

ఆ వాసన ముందుగా మా వీధిలోని రిటైరైన తాసీల్దారు గారి అరుగు మీదికి చేరింది. ఆ సాయంత్రమే ఆయన అందరినీ పిలిపించి, మనుషులకు ఆసుపత్రి ఉంది, ఎద్దులకు ఆసుపత్రి ఉంది, వీధికుక్కలకు దిక్కెవరని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి సంఘం పుట్టింది. ఆయన అధ్యక్షుడు, శెనక్కాయల వ్యాపారి ఒకాయన ఉపాధ్యక్షుడు. దస్తూరి గుండ్రంగా ఉంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.

మొదటి సమావేశమంతా పేరుతోనే గడిచింది. కుక్క అన్న మాట బోర్డు మీద బాగుండదని ఉపాధ్యక్షుడు పట్టుబట్టడంతో ‘శునక ప్రథమ చికిత్సా సంఘం’ అయింది. రెండో సమావేశంలో, ఆ కుక్క మన వీధిదా పక్క వీధిదా అన్న చర్చ వచ్చి తేలలేదు. మూడో దాంట్లో మందుల పెట్టె తెప్పించి, పెద్ద అధికారి ఒకాయన చేత ప్రారంభోత్సవం చేయించాలని తీర్మానించారు. ఆ మందులు శునకాలకే వాడాలని కూడా రాయించారు. అన్నీ నేనే రాశాను. కుక్క మూడు సమావేశాలకూ వచ్చి, గడప బయట పడుకుని కాలు నాక్కుంటూ ఉండింది.

ఈలోగా జట్కా ఆయన భార్య ఒక పొద్దున సీతాఫలం ఆకు నూరి, కుక్క మూతికి గుడ్డపేలిక కట్టి, ఆ ముద్దను పుండులో కూరింది. గుర్రానికి జీను ఒరుసుకున్నప్పుడు ఆమె చేసే వైద్యమే అది. పురుగులు రాలిపోయాక రోజూ వేపనూనె, పసుపు పూసింది. కుక్క కుంటకుండా నడవడం మొదలుపెట్టాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. సంఘానికి ఒక మాట చెప్పకపోయావేమమ్మా అని అడిగాను.

“మీరంతా మీటింగులో ఉంటిరి గదప్పా” అంది.

ప్రారంభోత్సవం నాటికి రోగి లేడు. అధ్యక్షుడు బాగా నొచ్చుకున్నారు. పిలుపులు వెళ్లిపోయాయి, ఫొటో తీసేవాడు వస్తున్నాడు, అతిథికి బనగానపల్లె మామిడిపండ్లు వచ్చి ఉన్నాయి. చివరికి మానిన కాలికే కట్టు కట్టాలని నిర్ణయించారు. పట్టుకునే పని కార్యదర్శిది. నేను కుక్కను ఎత్తుకుని పోతుంటే జట్కా ఆయన భార్య గుమ్మంలోంచి చూసింది.

“మానిపోయిన కాలు యాల పట్టుకుంటావప్పా? కరుస్తాది” అంది.

నేను దాన్ని చంకలో ఇరికించుకుని సభకు నడిచాను.

అతిథి భూతదయ మీద గంటసేపు మాట్లాడారు. అంతసేపూ కుక్క నా చేతుల్లో గుర్రుమంటూనే ఉంది. ఆయన దాని కాలి మీద టింక్చరు పోయగానే అది నా మణికట్టు పట్టేసింది. నొప్పికి మూసుకున్న కళ్లు తెరిచేసరికి అతిథి బెంచీ ఎక్కి నిలబడి ఉన్నారు, చేతిలో కట్టుగుడ్డ అలాగే ఉంది. ఫొటో అప్పుడే తీశారు.

నాకు రక్తం కారుతోంది. అధ్యక్షుడు పెట్టె తెరవబోతే ఉపాధ్యక్షుడు అడ్డొచ్చి, తీర్మానంలో శునకాలకే అని ఉందని గుర్తుచేశారు. రాసింది నేనే గనుక కాదనలేకపోయాను. వాళ్లు ఆ విషయం చర్చిస్తుండగా జట్కా ఆయన భార్య నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి, బట్టల సబ్బుతో గాయాన్ని రుద్ది రుద్ది, రెండు కుండల నీళ్లు పోసింది. ఆమె మొగుడు జట్కా కట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు పిచ్చికుక్క కాటుకు వేసే పద్నాలుగు సూదులు ఆ రోజు నుంచే బొడ్డు చుట్టూ మొదలుపెట్టాడు. కుక్కను పది రోజులు కనిపెట్టుకుని ఉండమన్నాడు. అది బాగుంటే సూదులు ఆపేస్తాడు. అది చచ్చినా, కనబడకుండా పోయినా పద్నాలుగూ పొడిపించుకోవాల్సిందే. సంఘం నాకు సానుభూతి తెలుపుతూ తీర్మానం చేసి, కార్యక్రమాలు నిలిపేసింది.

అప్పటిదాకా ఆ కుక్క తిన్నదో లేదో నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు నా జొన్నరొట్టెలో సగం దానికి పెట్టి, అది నీళ్లు తాగేదాకా ఆఫీసుకు పోయేవాణ్ణి కాదు. ఒకరోజు అది పొద్దెక్కినా కనబడలేదు. తుంగభద్ర ఒడ్డు దాకా వెతుక్కుంటూ పోయాను. చూస్తే, నీళ్లలో దిగి చల్లగా కూర్చుని ఉంది. నీళ్లకు భయపడని కుక్కను చూసి ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

పది రోజులూ గడిచాయి. సూదులు ఆగాయి. అయినా పొద్దున్నే ఎదురింటికి పోవడం నాకు అలవాటైపోయింది. ఎవరో ఒకరు పుండు పడ్డ కుక్కనో మేకనో తెచ్చేవారు. మూతికి పేలిక ఎట్లా కట్టాలో, ఆకు ఎంత మెత్తగా నూరాలో ఆమె చూపించింది. నాలుగు నెలలయ్యాక చాకలాయన ఒకడు వీపు పుండైన గాడిదను తోలుకొచ్చాడు. ఆమె రొట్టెలు తడుతూ తల కూడా ఎత్తలేదు.

“ఆ సారును అడుగుపోప్పా, ఆయప్పకు తెల్సు” అంది.

నేను చొక్కా చేతులు మడుచుకుని ఆకు కోసం లేచాను.