రీడు మీద అడ్డగీతలు

ఎలుక చచ్చిన హార్మోనియం తోలుతిత్తిని విప్పడం ఆకురాయికి కొత్త కాదు. పురుగులు తిని పొడి చేసిన ఫెల్టు గుడ్డను వట్టి చేత్తో దులిపి, ఆ చేతినే చీర చెంగుకు తుడుచుకుని మరో పనిలో పడేది. తండ్రి నుంచి సంక్రమించిన వాయిద్యాల మరమ్మతు దుకాణంలో ఆమె చూడని కుళ్లు లేదు. ఇత్తడిని గీరే ఆకురాయికీ, మనుషుల్ని గీరే నోటికీ ఒకే పదును ఉందని పక్క దుకాణం వడ్రంగి ఆమెకు ఆ పేరు పెట్టాడు. ఆమె కాదనలేదు. అసహ్యం అనేది ఆమెకు అంత సులువుగా కలిగే భావం కాదని తెలిస్తే తప్ప, ఆ వారం ఆమె ఎందుకు అన్నం ముందు కూర్చుని లేచిపోయిందో అర్థం కాదు.

చర్చిలోని పెడల్ ఆర్గన్‌ను ఆమె భర్త ఏళ్ల తరబడి వాయించాడు. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఆదివారం మాత్రం పెద్దాయన. పెద్దల బైబిలు తరగతి కూడా ఆయనదే. వేళ్లు బిగుసుకుపోయి పాట పాటకూ వెనకబడుతుంటే, చర్చి పెద్దలు మర్యాదగా ఆ కుర్చీని ఆకురాయి తమ్ముడి కూతురికి ఇచ్చారు. మందుల షాపులో పనిచేసే పిల్ల. అందరి ఎదుటా పెద్దాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, "మన ఇంటి బిడ్డే, దేవుడికి స్తోత్రం" అన్నాడు. ఆ చెయ్యి కాస్త ఎక్కువ బరువుగా పడిందని ఆకురాయికి అనిపించింది. అనిపించినదాన్ని కొలవలేం కనుక పక్కన పెట్టింది.

కొన్నాళ్లకు మేనకోడలు దుకాణానికి వచ్చింది. "అత్తా, నడిమి వరసలో ఒక మెట్టు నొక్కితే స్వరం వణుకుతోంది. జ్వరమొచ్చినట్టు."

ఆ ఆర్గన్‌లో ఒక్కో మెట్టుకు రెండు రీడ్లు, అంటే గాలికి అదిరే ఇత్తడి నాలుకలు, కలిసి పలుకుతాయి. రెండూ ఒకే శ్రుతిలో ఉంటే శబ్దం నిలకడగా ఉంటుంది. ఒకటి ఏ కొంచెం తగ్గినా అల వచ్చి పోతున్నట్టు ఊగుతుంది. ఆకురాయి పిల్ల వెంట చర్చికి వెళ్లి రీడును బయటికి లాగి భూతద్దం కింద పెట్టింది. మాసిన ఇత్తడి నాలుక మీద, మొదలు దగ్గర, కొత్త గీతలు మెరుస్తున్నాయి. అక్కడ గీరితే శ్రుతి తగ్గుతుంది. ఆ సంగతి తెలిసినవాడే గీరాడు. కానీ పని తెలిసినవాడు నాలుక కింద పల్చటి ఉక్కురేకు దూర్చి, నిలువుగా గీరుతాడు. ఇవి అడ్డగీతలు, ఇత్తడి అక్కడే విరుగుతుంది. పైగా అవి ఎడమచేతి వాటంగా వాలి ఉన్నాయి. చర్చి తాళంచెవి ఉన్నవాళ్లలో ఎడమచేతివాడు ఒక్కడే, ఆమె భర్త. దుకాణంలో కూర్చుని ఆమె పని చూస్తూ టీ తాగడం ఆయనకు అలవాటు.

ఆమె రీడును కింద పెట్టి, వేళ్లను చెంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

"ఏమైందత్తా?"

"దుమ్మమ్మా," అంది ఆకురాయి. అబద్ధం ఎంత నున్నగా జారిందంటే, ఆ నున్నదనమే ఆమెకు ఇంకొంచెం అసహ్యం పుట్టించింది.

రీడును సరిచేసింది, ఇంట్లో ఏమీ అనలేదు. సిగ్గుపడి మానుకుంటాడేమో, మనిషికి ఒక్క అవకాశం ఇద్దాం అనుకుంది. ఆ ఆదివారం తరగతిలో పెద్దాయన ఎత్తుకున్న పాఠం: బైబిలు ప్రకారం అసూయ తప్పా, ఒప్పా? తమ్ముణ్ణి చంపిన కయీనును చెప్పాడు. యోసేపును అమ్మేసిన అన్నలను చెప్పాడు. తన కోసం వీణ వాయిస్తున్న దావీదు మీదికి ఈటె విసిరిన సౌలు దగ్గరికి వచ్చేసరికి గొంతు గద్గదమైంది. "చూశారా, వాయించేవాడి మీద! ఎంత నీచం!" అన్నాడు. వెనక వరసలో ఎవరో ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం ఆకురాయి చూసింది గానీ, పాల దొంగతనం మీద ఉపన్యాసమిచ్చే పిల్లిని చూడటం అదే మొదలు.

తరువాతి వారం మేనకోడలు మళ్లీ వచ్చింది. ఈసారి ముఖంలో నవ్వు లేదు.

"ఇంకో మెట్టు అలాగే ఉందత్తా. కానీ నువ్వు రానక్కర్లేదులే. తప్పు పెట్టెలో లేదు, నా చెవిలో ఉంది. సాయంత్రం చర్చి పెద్దలకి చెప్పేస్తా, ఇక వాయించనని."

"చెవిలో ఉందని ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు. మావయ్యే పాపం ఓదార్చాడు. 'అందరికీ చెవి ఉండదమ్మా, బాధపడకు, నీ చెవి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నా' అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది."

గీరడం ఒక ఎత్తు. గీరి, ఆ గాయం మీద చెయ్యి వేసి నిమరడం ఇంకొక ఎత్తు. ఆకురాయి చేతిలోని పని పక్కన పెట్టింది.

"సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ చెప్పకు. మధ్యాహ్నం ఒకసారి రా," అని పంపింది. చర్చికి వెళ్లి ఆ రీడును తెచ్చి బల్ల మీద పెట్టింది. భోజనం వేళకు భర్త రాగానే భూతద్దం ఆయన ముందుకు తోసింది.

ఆయన వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాదనలేదు, అంతవరకు నయం. కానీ కుర్చీలో సర్దుకుని గొంతు సవరించుకున్నాడు, తరగతిలోలాగే.

"నువ్వు దీన్ని అసూయ అనుకుంటున్నావు. వేరేవాళ్లది కావాలనుకుంటే అసూయ. తనది పోతుంటే మండేది రోషం. దేవుడే నేను రోషం గలవాణ్ణని చెప్పుకున్నాడు. ఆ పిల్ల పాటల్ని పరుగులు పెట్టిస్తోంది. దేవుని ఇంటి కోసం నా రోషం."

"దేవుడు తనవాళ్లు చెడిపోతుంటే మండాడు. మనుషుల కోసం మండాడు గానీ కుర్చీ కోసం కాదు," అంది ఆకురాయి. "ఆ పిల్ల మీది కాదా? మీవాళ్ల కోసం రోషమే ఉంటే, దాని చెవిని అవమానించినవాడి మీద మండాలి. మండండి, చూస్తాను. అద్దం తెస్తాను."

"నీకు తెలియదే. నేను వాయిస్తుంటే ఎవరూ ఏడవలేదు. ఆ పిల్ల వాయిస్తుంటే ఏడుస్తున్నారు."

మొత్తం మాటల్లో నిజమైనది అదొక్కటే. దాన్ని ఒప్పుకుని ఊరుకుని ఉంటే ఆమెకు జాలి కలిగేదేమో. ఆయన మాత్రం వెంటనే, "ఈ సంగతి బయటికొస్తే తరగతి పరువు పోతుంది. నీ తమ్ముడికి నా ముఖం ఎలా చూపించను? మళ్లీ దుమ్మనే చెప్పు," అన్నాడు.

"మళ్లీ" అన్న మాట ఆమెకు తగిలింది. మొదటి అబద్ధం మేనకోడలి ద్వారా ఆయనకు తెలిసింది. దాని మీదే ధైర్యం చేసి రెండో రీడు గీరాడు. అంటే ఆ గీతల్లో కొంత వాటా తనది.

మేనకోడలు గుమ్మంలోకి వచ్చింది. మావయ్యను చూసి నవ్వబోయింది.

"కూర్చోవే," అంది ఆకురాయి. "మొన్న నీకు దుమ్మని చెప్పాను. అబద్ధం. రెండు రీడ్లనూ చెడగొట్టింది మీ మావయ్య. అది తెలిసీ నేను దాచాను."

పిల్ల భూతద్దంలోంచి గీతలను చూసింది. రీడును వెలుతురుకు తిప్పి మళ్లీ చూసింది. ఏడుస్తుందనుకుంది ఆకురాయి. పెద్దాయన, "అమ్మా, దేవుని ఇంటి కోసం రోషం అనేది..." అని మొదలుపెట్టాడు.

ఆ పిల్ల ఆ మాట వినిపించుకోనే లేదు. "అయితే అత్తా, నాకు వినిపించిన వణుకు నిజంగానే ఉందా?"

"ఉంది."

"ఎంత?"

"చాలా సన్నని తేడా. నువ్వు తప్ప ఇంకెవరైనా పట్టారా? చర్చి నిండా జనం ఉన్నారుగా."

పిల్ల ముఖం విప్పారింది. అది మావయ్య తప్పు బయటపడినందుకు కాదు, తన చెవి నిజమే విన్నందుకు. ఆయన అసలు ఆ ముఖంలో ఎక్కడా లేడు. ఈటె విసిరినవాడికి అంతకంటే దెబ్బ ఉండదు. ఆయన భుజాలు కుంగాయి.

"క్షమించమ్మా," అన్నాడు చివరికి, ఏ బైబిలు వాక్యమూ అడ్డం పెట్టుకోకుండా.

"ఇంకొన్నాళ్లు పడుతుంది మావయ్యా. ఈలోగా నా చెవి కోసం ప్రార్థన మాత్రం ఆపెయ్యండి," అంది మేనకోడలు. "అత్తా, ఆదివారానికి ఈ రీడు కావాలి."

"ఉంటుంది."

పిల్ల వెళ్లిపోయింది. ఆకురాయి గీతలు పడ్డ నాలుకను వేలితో వంచి చూసింది. అడ్డగీత దగ్గర పగులు వెంట్రుకలా మొదలైంది. ఇక సరిదిద్దేది కాదు, మార్చాల్సిందే. పాత నాలుకను బిగించిన రివెట్‌ను కోసి, కొత్త ఇత్తడి నాలుకను అమర్చడానికి వంగింది. భర్త కుర్చీలోంచి లేచి వచ్చి, కిటికీకి అడ్డంగా ఆమె పక్కనే నిలబడ్డాడు.

"తరగతి మానేస్తానని ఇవాళే చెప్పేస్తా. నువ్వు కూడా క్షమించవా?"

ఆమె లోపల క్షమ కోసం వెతికింది. ఎప్పుడో దొరకవచ్చు. ఇప్పుడు మాత్రం ఆయన ఊపిరి తగులుతుంటే ఒళ్లు ముడుచుకుంటోంది.

"ఇంకా లేదండీ. ఇంకో అబద్ధం ఆడలేను," అంది. "కొంచెం పక్కకు జరగండి. వెలుతురు పడటం లేదు."