గోపాలప్ప అంగడికి బోణీ

ధర్మవరంలో మా వీధి చివర కట్టిన మూడంతస్తుల అంగడిలో ప్రతి గురువారం ధరలు తగ్గిస్తారు. తొమ్మిదిన్నరకు తలుపులు తీస్తారంటే తొమ్మిదికే నేను పోయి మెట్ల మీద కూర్చుంటాను. అద్దాల తలుపు జరగగానే చల్లగాలితో పాటు సబ్బుల వాసన, బిస్కత్తుల వాసన, నేల తుడిచిన మందునీళ్ళ వాసన గుప్పున కొడతాయి, వాటన్నిటి అడుగున గల్లాపెట్టె దగ్గర ముట్టించిన అగరొత్తి వాసన సన్నగా వస్తుంది. పాతది ఆ వాసన ఒక్కటే. "రెండు రూపాయలు తగ్గుతాదని ఇంత పొద్దున్నే పోవల్నా అత్తా?" అని మా కోడలు నవ్వుతుంది. రెండు రూపాయల కోసం కాదు నేను పోయేది. గల్లా పైన ప్లాస్టిక్ పూలదండ వేసిన పటంలో ఉన్న మనిషి గోపాలప్ప. ఇప్పుడు గల్లాలో కూర్చునేది ఆయన మనవడు. ఆ పటం కింద ఆ రోజు మొదటి డబ్బు నా చేతి నుంచే పడాలి, మొగుడు పోయినదాని చేతి నుంచి. ఎందుకో చెబుతాను. నాకు సంతకం తప్ప రాదు, మనవరాలు రాసుకుంటోంది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఇదే చోట గోపాలప్పది చెక్కపలకల తలుపున్న చిన్న అంగడి. మాది నాలుగిళ్ళవతల, వర్షమొస్తే మగ్గం గుంటలోకి నీళ్ళు దిగే మట్టి మిద్దె. నాయన కూలికి పట్టుచీరలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, ఆ వీధిలో తెల్లవారడమంటే కోడి కూయడం కాదు, ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో మగ్గం లేచి టకటకమనడం. ఉడికించిన పట్టు వాసన, రంగునీళ్ళు పారిన కాలువ వాసన, ఎండాకాలమైతే వేడెక్కిన బండల వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టి ఉండేవి. కట్టేది మాత్రం నూలు గుడ్డ, అదీ అంచు తప్పు పడిందని చవకగా వచ్చిన ముక్క.

ఇంట్లో డబ్బు పెత్తనం మా అవ్వది, నాయనను కన్నతల్లి. ముప్పై దాటకముందే మొగుడు పోయాడు ఆమెకు. పుట్టినూరు హిందూపురం పక్క, కోపమొస్తే సగం కన్నడం మాట్లాడేది, డబ్బును దుడ్లు అనేది. రూపాయి సరుకును పద్నాలుగణాలకు తెచ్చేదాకా ఆమెకు నిద్ర పట్టేది కాదు. మూట అడుగున మిగిలిన నూకలు, రవాణాలో పగిలిన బెల్లం, ఒక పక్క ఎండకు వెలిసిన గుడ్డ, మూతి విరిగిన కుండ, ఇవి మా ఇంటికి చుట్టాల్లా వచ్చేవి. విరిగిన బెల్లం నోట్లో వేసుకుంటే విరిగిందని నాలుకకు తెలుస్తుందా అని అడిగేది. పెనుగొండ ఉరుసుకు నన్ను ఎత్తుకుపోయి, ఏది తీసుకున్నా అణా అని పరదా కింద పరిచిన అంగడి ముందు దింపేది. దువ్వెనలు, పీకలు, అద్దాలు, జత తప్పిన గాజులు అన్నీ ఒకటే కుప్ప. బోడి చేతులతో మా అవ్వ ఆ గాజులను ఒక్కొక్కటే గోటితో కొట్టి మోగించి, బీట లేనివి ఏరి, ఎరుపూ పచ్చా కలిపి నా చేతికి ఎక్కించేది. ఆ అంగడాయన ఆమె నుదురు చూసి మొహం తిప్పుకోలేదు. "దుడ్లకు ముత్తైదువ లేదు, ముండమోపి లేదవ్వా, రా" అన్నాడు. ఆ మాటను ఆమె ఇంటికి తెచ్చుకుని చాలా రోజులు దాచుకుంది.

గోపాలప్ప అట్లాంటివాడు కాదు. పొద్దున పలకలు తీసి, గడపకు నీళ్ళు చల్లి, తక్కెడకు దండం పెట్టి, అగరొత్తి ముట్టించి, మొదటి బేరం కోసం వీధిలోకి చూస్తూ నిలబడేవాడు. ఆ మొదటి బేరం బోణీ. బోణీకి వచ్చినవాళ్ళను ఒట్టిచేతులతో పంపితే రోజంతా వ్యాపారం సాగదని భయం, అందుకని తొమ్మిదణాల సరుకైనా బోణీకి ఎనిమిదణాలకు ఇచ్చేవాడు, పైన కొసరుగా గుప్పెడు పప్పులైనా బెల్లం ముక్కైనా పెట్టేవాడు. ఆ డబ్బును రెండు కళ్ళకూ అద్దుకుని గల్లాలో వేసేవాడు. అయితే బోణీ ముత్తైదువ చెయ్యాలి, లేదా ఆడపిల్ల చెయ్యాలి. విధవ మొహం పొద్దున్నే కనబడితే పలక మళ్ళీ మూసేసేవాడు. మా అవ్వ దీపాలు పెట్టే వేళకు, అందరూ ఏరుకుపోయిన తర్వాత పోయి అడుగు సరుకు తెచ్చుకోవాల్సిందే.

ఆ చవక బేరం రోజూ ఎదురుగా తెల్లవారుతుంటే మా అవ్వ ఊరుకుంటుందా? నాకు తల దువ్వి, నుదుట ఇంత బొట్టు పెట్టి, చేతిలో అర్ధరూపాయి పెట్టి పంపేది, తాను గోడ మలుపులో నిలబడేది. "అరవీశె చింతపండు అను. ఎనిమిదణాలే ఉండాది అను. ఇయ్యకపోతే ఎనిక్కి తిరుగు, వాడే పిలుస్తాడు" అని నేర్పేది. వాడే పిలిచేవాడు. చన్నీళ్ళు పడిన మట్టి వాసన, చింతపండు పులుపు, మిరపకాయల ఘాటు, పొగ, వీటి మధ్యలో నిలబడి "లచ్చిమి వచ్చిందప్పా" అనిపించుకుంటుంటే నాకు గర్వంగా ఉండేది. వీధిలో ఆడవాళ్ళకు ఇది తెలిసి, ఒకరి ఉప్పు ఒకరోజు, ఒకరి కందిపప్పు ఒకరోజు నా చేత తెప్పించుకునేవాళ్ళు. ఎవరికీ అణా కూడా కమీషను తీసుకోలేదు మా అవ్వ.

చెడగొట్టింది నేను. ఒకరోజు తూచిన చింతపండులో గింజలే కనబడ్డాయి. ఏం చెయ్యాలో తోచక మలుపుదాకా పరుగెత్తి, ఒడి విప్పి చూపించి, మళ్ళీ పరుగెత్తి వచ్చి చెప్పాను.

"అవ్వ గింజలు శానా ఉండాయంటాంది."

"ఏ అవ్వ?" అన్నాడు గోపాలప్ప.

గడప దిగి మలుపులో చూశాడు. అప్పటిదాకా నవ్వుతున్న మొహం ఉడికిన బీట్‌రూట్ లాగా అయింది. నా పరికిణీ ఒడిలోని చింతపండును గుంజి మూటలో పోసుకున్నాడు. అర్ధరూపాయిని కాలువలోకి విసిరేశాడు. చెంబెడు పేడనీళ్ళు తెచ్చి గడప మీద చల్లి, మిగిలినవి మా అవ్వ మీదికి చిమ్మాడు. "థూ, ముండమోపి బోణీ! ఇన్నాళ్ళూ బిడ్డను ముందర పెట్టి నా అంగడికి శని పట్టిస్తాంటివా? పొద్దున గాదు, మాపున గాదు, నీకు ఉప్పు రాయి గూడా అమ్మేది లేదు పో" అన్నాడు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ముందురోజు నా చేత పప్పు తెప్పించుకున్నామె కూడా అక్కడే ఉంది. మా అవ్వ దగ్గరికొస్తుంటే బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆ బిందెలు జరిగిన చప్పుడు ఇప్పటికీ నాకు వినబడుతుంది, వాళ్ళలో ఒక్కరినీ నేను క్షమించలేదు, పోయినవాళ్ళను కూడా.

ఆ మధ్యాహ్నం నేను కాలువలోకి దిగి, మోకాళ్ళదాకా రంగు బురదలో, కాళ్ళతో తడిమి తడిమి ఆ అర్ధరూపాయిని వెతికి తెచ్చాను. మా అవ్వ దాన్ని బూడిదతో తోమి, చీర కొంగున ముడేసుకుంది. ఖర్చు పెట్టలేదు. ఇంకో అంగడి రైలుకట్ట అవతల ఉంది, అంతదూరం పోయి అమ్మ కొత్త ముఖంగా అడిగి ఎక్కువ ధరకు తెచ్చుకుంటుంటే, మా అవ్వకు అన్నం దిగేది కాదు.

నాలుగో రోజు ఇంకా పలకలు తీయకముందే మా అవ్వ రాట్నం నెత్తిన పెట్టుకుని, పట్టుదారం నా చేతికిచ్చి, గోపాలప్ప అంగడికి ఎదురుగా ఉన్న అరుగెక్కింది. అది పాడుబడిన ఇంటి అరుగు, ఎవరిదీ కాదు. వీధి వైపు మొహం పెట్టి కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. పగ తీర్చుకునే పనిలో కూడా కూలి పోగొట్టుకోలేదు. గోపాలప్ప తాళంచెవి ఊపుకుంటూ వచ్చాడు, చూశాడు, వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. మళ్ళీ వచ్చాడు. రాట్నం తిరుగుతూనే ఉంది.

"ఏమవ్వా, ఈడేం పని నీకు?"

"నీ అంగట్లోకి రాలేదు కదప్పా. నా పని నేను చేస్కుంటాండా."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. గొడుగు అడ్డం పెట్టుకుని వచ్చాడు, కళ్ళు మూసుకుని పలకలు తడుముతూ తీశాడు, పెళ్ళాన్ని ముందు నడిపించి ఆమె వెనక వచ్చాడు. తల తిప్పకుండా ఎంతసేపని ఉంటాడు, తక్కెడ పెట్టిన చోటి నుంచి అరుగే కనబడుతుంది. మొదట ఏడుకు, తర్వాత ఎనిమిదికి, ఆ తర్వాత పొద్దెక్కాక తీయడం మొదలుపెట్టాడు. పొద్దున్నే నూనెకు వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి రైలుకట్ట దాటి పోయేవాళ్ళు. నాకు భయం పుట్టి ఒకరోజు అడిగాను, నీ మొహం నిజంగానే చెడ్డదా అని. "నాకేం తెల్సే? ఆయప్పకు తెల్సు. అది చాలు" అంది రాట్నం ఆపకుండా.

చింతపండు కొత్తగా దిగే రోజులు అవి. ఒకరోజు నాకు టిక్కెట్టు కొనకుండా, చిన్నపిల్లలా ఒళ్ళో ముడుచుకోమని చెప్పి ప్యాసింజరు రైలెక్కించింది. హిందూపురం మండీలో నా ఎత్తుకు రెండింతల చింతపండు గుట్టలు, పక్కన బెల్లం అచ్చుల వరుసలు, వాటిపైన ముసిరిన కందిరీగలు, పులుపూ తీపీ కలిసి గొంతులో నీళ్ళూరించే వాసన. మా అవ్వ పొద్దు వాలేదాకా కొనలేదు. బండ్లు కట్టే వేళకు, మోసుకుపోవడం దండగని వాళ్ళు అనుకునే వేళకు, "ఎష్టు?" అని కన్నడంలో ధర అడగడంతో మొదలుపెట్టి, అడుగు గుట్ట మొత్తం సగం ధరకు దించింది. కాళ్ళు నొప్పులని నేను ఏడుస్తుంటే ముక్కల బెల్లం నోట్లో పెట్టి, "సూసినావా, ఈడ ఎవురూ నా మొగం సూల్లేదు, సంచి సూసినారు" అంది.

ఆ మూటను ఇంట్లో పెట్టలేదు. అరుగు మీదికి చేర్చి, పక్కన రాట్నం పెట్టుకుని కూర్చుంది. గోపాలప్ప ధరలో మూడో వంతు తక్కువని వీధంతా తెలిసింది. కొళాయి దగ్గర బిందెలు జరుపుకున్నవాళ్ళే మాపటేళ పెరటి తలుపు తట్టారు. "ఇంటికాడ ఇయ్యను. పొద్దున్నే అరుగు కాడికి రాండి" అని తలుపేసింది మా అవ్వ. వాళ్ళకు వేరే గతి లేదు. ముత్తైదువలు ఒక్కొక్కరే, గోపాలప్ప కళ్ళెదుట, పొద్దున్నే, విధవ చేతి మీదుగా చింతపండు కొనుక్కుపోయారు. ఆమె తక్కెడ లేకుండా చేతి అంచనాతోనే పెట్టేది, కొసరు మాత్రం ఎవరికీ పెట్టలేదు.

ఉగాది వచ్చింది. పచ్చడికి కొత్త చింతపండు, కొత్త బెల్లం కావాలి, ఏడాదిలో అంగడికి అంతకు మించిన బోణీ లేదు. వేపపూత వాసన వీధంతా పరచుకుని ఉంది. గోపాలప్ప తలంటుకుని కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. వీధిలో ప్రతి ఇంట్లో మా అవ్వ చింతపండు నానుతోంది. తాళం తీయకుండానే వీధి దాటి అరుగు కిందికి వచ్చాడు.

"ఇంగ చాలవ్వా, లెయ్. ఏం గావల్నో చెప్పు."

"నాకేం గావల్ల? బోణీ గావల్ల. అరవీశె చింతపండు, ఎనిమిదణాలకు."

"నీకాడ మూటెడు ఉండాది గదా?"

"నీకాడిది గావల్ల."

కొళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నాయి, ఎవరూ తీసుకోలేదు. గోపాలప్ప పలకలు తీశాడు, నీళ్ళు చల్లాడు, అగరొత్తి ముట్టించాడు, అరవీశె తూచాడు. మా అవ్వ గింజలు చూసి, రెండు గుప్పెళ్ళు మార్పించింది. అప్పుడు కొంగు ముడి విప్పింది. "గుర్తుపట్టినావాప్పా? నువ్వు కాలవలో ఏసిందే. కడిగినాలే" అని అర్ధరూపాయిని ఆయన అరచేతిలో పెట్టింది. పెట్టి అక్కడి నుంచి కదలకుండా చూస్తూ నిలబడింది. ఆయన దాన్ని కుడి కంటికి అద్దుకున్నాడు, ఎడమ కంటికి అద్దుకున్నాడు.

"కొసరు?" అంది మా అవ్వ.

బెల్లం ముక్క ఇచ్చాడు. అది నా నోట్లో పెట్టింది. ఇసుక పలుకు తగిలింది, అయినా ఉమ్మలేదు, ఆయన గడప మీద నిలబడే నమిలి మింగాను. ఆ రోజు తర్వాత ఆయన ఎన్నిసార్లు పిలిచినా మా అవ్వ ఆ అంగడి మెట్టెక్కలేదు. చచ్చేదాకా రైలుకట్ట దాటే పోయింది.

నా మొగుడు పోయిన ఏడాది, పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు కుంకుమ భరిణె నా ముందు నుంచి తప్పించి కోడలి ముందు పెట్టినప్పుడు, నాకు ఏడుపు రాలేదు, ఆ అరుగు గుర్తొచ్చింది. అరుగు ఇప్పుడు లేదు, బండ్లు పెట్టుకునే చోటు చేశారు. పలకల తలుపు లేదు, తక్కెడ లేదు, మగ్గాల చప్పుడు మరమగ్గాల హోరులో కలిసిపోయింది, చింతపండుకు గింజలూ లేవు, వాసనా లేదు, సంచిలో కట్టి వస్తుంది. కొసరంటే ఏమిటో ఆ అంగట్లో పిల్లలకు తెలియదు. విధవ మొహానికి భయపడేవాడు కూడా లేడు. నేను గురువారం గురువారం మొదటి మనిషిగా పోయి నిలబడితే, వెనక్కి తిరిగేవాడే కనబడలేదు. అది నాకు కడుపు మంట.

మొన్న గురువారం చింతపండు, బెల్లం గల్లా మీద పెట్టి నోటు ఇచ్చాను. అందరూ ఫోన్లు చూపించి పోతారు, నేను నోటే ఇస్తాను. గోపాలప్ప మనవడు నవ్వాడు. "మీరు ముందొచ్చిన రోజు బేరం బాగుంటాది అవ్వా, మీ చెయ్యి మంచిది" అన్నాడు. తలెత్తి పటం వైపు చూశాను.

"అట్లయితే గల్లాలో ఏసే ముందు కండ్లకు అద్దుకో నాయనా. మీ తాత అద్దుకునేటోడు."

వాడు నవ్వుతూనే కుడి కంటికి ఒకసారి, ఎడమ కంటికి ఒకసారి అద్దుకున్నాడు.

"మా తాత మీకు తెల్సా అవ్వా?"

"తెల్సు" అన్నాను. "ఒకసారి మా ఇంటి దుడ్లతో బోణీ చేసుకున్యాడు."