ఏడో నంబరు మనిషి

మా కోడలి పెద్ద చదువును నేను ఒక్క వారంలో ఎలా గంగలో కలపబోయానో చెబుతాను, వినండి. మూడో తరగతితో బడి మానేసినదాన్ని ఎమ్మెస్సీని ముంచేదాకా వచ్చానంటే, నా తెలివి ఏపాటిదో మీరే లెక్క కట్టుకోండి. నవ్వొస్తే నవ్వండి, తప్పు లేదు. కాకపోతే ముందు ఆ ఫ్యాను కట్టేయండి. మీరు కడుపు పట్టుకుని వంగిపోతే అది ఊరికే ఎవరికోసం తిరగాలి?

అప్పుడు మేము సౌదీలో, బురైదాలో ఉన్నాం. సౌదీవాళ్లను ఇంతమందిని పెట్టుకోవాలనే నితాఖత్ లెక్కల్లో మా అబ్బాయి కంపెనీ ఎరుపులో పడి, అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యూ కాదన్నారు. వాడికి ఇంకో కంపెనీ దొరికేదాకా ఇల్లు నిలబడాల్సింది కోడలు కరుణ నర్సు ఉద్యోగం మీదే. పిల్లల మీద తలకింత అని లెవీ పన్ను. మనవరాళ్లకి జడలు వేస్తూ కూడా ఆ తలలు చూసి నిట్టూర్చేదాన్ని. చివరికి కరుణ ఉద్యోగానికీ గండం వచ్చింది. వార్డుల్లోకి సౌదీ అమ్మాయిలు వస్తున్నారు, బయటివాళ్లను తగ్గిస్తారని చెప్పుకున్నారు. పబ్లిక్ హెల్త్ నర్సింగులో ఎమ్మెస్సీ ఉన్నవాళ్లకు మాత్రం, జనానికి జబ్బులు రాకుండా చూసే విభాగంలో చోటుందట.

"జబ్బు రానివాడికి నర్సెందుకే?" అని అడిగాను.

"వచ్చాక అయ్యే ఖర్చుకంటే రాకుండా చూసుకునే ఖర్చు తక్కువ అత్తయ్యా," అంది.

ఆ ఒక్క మాటతో ఆ చదువు మీద నాకు గౌరవం పుట్టుకొచ్చింది.

డ్యూటీలు చేస్తూనే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చదువును చివరిదాకా లాక్కొచ్చింది. ఇక మిగిలింది ఒక పరిశోధన. ఫ్లాట్లలో ఉండే మన ఆడవాళ్లు రోజూ ఎంత నడుస్తారో చూడాలి. దానికి అగ్గిపెట్టెంత మెషీను ఉంది. నడుముకు తగిలించుకుంటే, ఏ వేళ ఎంత నడిచామో అదే రాసిపెట్టుకుంటుంది. మా బిల్డింగులో ఆరుగురు ఒప్పుకున్నారు, ఏడోదాన్ని నేను. ఒక్కో మెషీను మీద ఒక్కో నంబరు అంటించింది.

"నేను డ్యూటీలో ఉంటాను. వాళ్లు పెట్టుకుంటున్నారో లేదో మీరే చూడాలి అత్తయ్యా. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండమనండి," అంది. ఆ ఆఖరి మాట నా చెవిలో దూరింది గానీ బుర్రదాకా వెళ్లలేదు.

అసలు వారం మొదలవకముందు అలవాటు కోసం రెండు రోజులు పెట్టుకోమంది. ఆ రెండు రోజులూ నేను పోలీసులా గుమ్మం గుమ్మం తిరిగాను. ఏ ఇంట్లో చూసినా ఒకటే దృశ్యం. పిండి మూటను సోఫా మీద దించినట్టు మనిషి కూర్చుని ఉంది. బయట చూస్తే సెగ మీద పెట్టిన మూకుడులా రోడ్డు.

"కాస్త నడవరాదా అమ్మా," అన్నాను.

"ఎక్కడికని నడుస్తాం పిన్నిగారూ? ఫ్రిజ్ దాకా వెళ్లొస్తూనే ఉన్నాం," అన్నారు.

చిన్నప్పుడు మా మాస్టారు నా పలక మీద పెట్టిన సున్నా కళ్ల ముందు గుండ్రంగా తిరిగింది. వీళ్లు నడవకపోతే కరుణకు సున్నా. కరుణకు సున్నా అయితే అందరికీ ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పెట్టెలు సర్దుకోవడమే.

సరిగ్గా వారం మొదలయ్యే శుక్రవారం పొద్దున్నే లింగయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఊరి బయట గొర్లు కాస్తాడు. గడ్డి కోసం అతని కఫీల్, అంటే యజమాని, బండి బజారుకొచ్చినప్పుడల్లా మెట్లెక్కి వచ్చి, కరుణ చేత బీపీ చూపించుకుని వెళ్తాడు. గుమ్మం బయట అతను విప్పిన చెప్పులు చూశాను. మడమల దగ్గర కాగితంలా అరిగిపోయాయి. నాకు మెరుపులా ఆలోచన తట్టింది. ఒక్క లైటు వెలిగితే ఏడుగురం కూర్చుని పని చేసుకోమూ? మరి ఒక్క మనిషి నడిస్తే ఏడుగురికి ఎందుకు సరిపోదు?

కరుణ డ్యూటీకి వెళ్లాక ఏడు మెషీన్లూ పోగుచేసి, ఒక సంచిలో వేసి అతని చేతిలో పెట్టాను.

"లింగయ్యా, నువ్వెలాగూ నడుస్తావు. వీటిని కూడా తిప్పు. ఏడో నంబరు నాది, జాగ్రత్త."

"గివి దేనికి పెద్దమ్మా?"

"కోడలి చదువు కోసం."

"అట్లైతే తీస్కపోత. అక్క నాకు ఊకెనే బీపీ సూస్తది."

చీర మాటున ఉండేవి కాబట్టి, లేవని కరుణ కనిపెట్టలేదు. తక్కిన ఆరుగురూ బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుని మళ్లీ సోఫాల్లో కూలబడ్డారు.

మరుసటి శుక్రవారం లింగయ్య మెషీన్లతో పాటు ఒక పొట్లం కూడా తెచ్చాడు. కఫీల్ ఇంటికి చుట్టాలొచ్చారట, విందులో తన వాటా మాంసమట. పైసా ఖర్చు లేని మాంసం. అల్లం వెల్లుల్లి ధారాళంగా వేసి ఇగురు పెట్టాను. ఒక చేత్తో ఎమ్మెస్సీ, ఇంకో చేత్తో మాంసం. ఆ రాత్రి నా అంత తెలివైన అత్తగారు ఈ ఎడారిలో లేదనుకుని పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం, కరుణ పంపిన మెషీన్ల లెక్కలు చూసి, తనకు పాఠాలు చెప్పే మలయాళీ మేడమ్ కంప్యూటర్లో కనబడి ఇంగ్లీషులో ఏదో చెప్పసాగింది. నేను వెనకాల బల్ల దగ్గర, మిగిలిన ఇగురు పారేయడం ఎందుకని ఒక నల్లి ఎముక పని పడుతున్నాను. వింటున్న కొద్దీ కరుణ మొహం రంగులు మారింది.

"అత్తయ్యా, ఏడుగురూ తెల్లారకముందే లేచి పొద్దుగూకేదాకా తిరుగుతున్నారట."

"కష్టజీవులే," అన్నాను.

"మిట్టమధ్యాహ్నం ఏడుగురూ ఒక్కసారే పరుగెత్తారట."

"నీళ్లొచ్చుంటాయి."

"ఏడో నంబరు మనిషి గురువారం సాయంత్రం ఆగిపోయిందట. తరవాత ఒక్క అడుగు లేదట. ఆవిడ బతికే ఉందా అని అడుగుతున్నారు మేడమ్. పోయుంటే కాలేజీకి రిపోర్టు రాయాలట." కరుణ నెమ్మదిగా నా వైపు తిరిగింది. "ఏడో నంబరు మీరే కదా?"

నోట్లో ఎముక ఉండటం వల్ల బతికే ఉన్నానని వెంటనే చెప్పలేకపోయాను.

ఇక దాచేదేముంది. లింగయ్యకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఏం చేశావయ్యా అని అడిగాను.

"ఏడుగురి నడక నేనొక్కణ్ణే నడిస్తే మోసం గాదా పెద్దమ్మా? అందుకే ఏడు గొర్లకు తలా ఒకటి కట్టిన. నీది మర్యాదగ ఉండాలని మందల పెద్ద పొట్టేలుకు కట్టిన. గురువారం చుట్టాలొస్తే కఫీల్ మంచిది జూసి దాన్నే పట్టిచ్చిండు. మెషీను ముందుగాల్నే తీసి మేకుకు తగిలిచ్చిన, ఏం ఫికర్ చెయ్యకు. కూర మంచిగున్నదా?"

నేను కంచం వంక చూశాను. కంచం నా వంక చూసింది.

కరుణ దాచలేదు, జరిగిందంతా మేడమ్‌కు చెప్పేసింది. కాసేపటికి తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక కిందికి వంగిపోయిందని తర్వాత తెలిసింది. లేచి కళ్లు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. మన ఆడవాళ్లు నడవడం లేదని తేలితేనే కదా, వాళ్లను నడిపించాలని ఆస్పత్రిని అడగగలిగేది. సోఫాలో కూర్చున్నవాళ్లే ఈ పరిశోధనకు ప్రాణమట. నేను ఆ ప్రాణం తీసి గొర్లకు పోశాను.

ఇంకో వారం గడువిచ్చారు. ఈసారి మెషీన్లు మా నడుముల మీదే ఉన్నాయి, మేము సోఫాల మీదే ఉన్నాం. ఫలితం దివ్యంగా వచ్చింది. కరుణ ఎమ్మెస్సీ గట్టెక్కింది, కోరుకున్న విభాగంలో ఉద్యోగమూ దక్కింది. అందులో మొదటి పని, ఆడవాళ్లను పొద్దున్నే మాల్‌లో నడిపించడం. అందరికంటే ముందు నేనే నడిచేదాన్ని. అక్కడ ఏసీ కరెంటు బిల్లు మనది కాదు కదా.

ప్రభువు ఎదుట ఇప్పుడు గంభీరంగా మాట ఇస్తున్నాను. నా అడుగులు ఇక నేనే వేస్తాను, ఇంకెవరి కాళ్లనూ అరువు అడగను. నా నంబరు మోసిన ఏ జీవినీ వండుకు తినను. ఒకవేళ పొరపాటున వండినా, ఆ రోజులా రెండోసారి వడ్డించుకోను.