జీపు మూతకున్న చిల్లు

బతికున్న బండిని చచ్చిందని మా బాపుతో నమ్మించారు. తుక్కుకు వేసేయమని సలహా కూడా ఇచ్చారు. అద్దాల గదిలో కూర్చునే మెకానిక్ షెడ్డు ఓనరు గారూ, ఇది మీ గురించే... పేరు రాయడం లేదు, చదివితే మీకే తెలుస్తుంది.

మా చిన్నప్పుడు... మరిపెడ నుంచి వరంగల్‌కు బాపు ఇదే డీజిల్ జీపులో సవారీలు కొట్టేవాడు. లోపల ఎంతమందో, వెనక వేలాడేవాళ్లు అంతమంది. బడి లేని రోజు నేను ముందు సీట్లో, గేరు రాడ్డుకు అటో కాలు, ఇటో కాలు...

మా బాపమ్మకు, అంటే బాపు వాళ్లమ్మకు, ఆ జీపంటే ఇంట్లో ఇంకో ఎద్దు. శుక్రవారం వచ్చిందంటే కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది. బానెట్‌కు ఒకటి, చక్రాలకు ఒక్కోటి... డీజిల్ ట్యాంకు మూతకు మాత్రం అన్నిటికన్నా పెద్దది. "అది దాని నోరు బిడ్డా. నోటికి పెట్టకపోతే అలుగుతది" అనేది.

ఒక ఏడు జీపు సతాయించడం మొదలుపెట్టింది. పొద్దున గుర్రంలా బయల్దేరేది. కొంత దూరం పోయాక దగ్గు... ఇంకొంచెం పోయాక గుంజుడు తగ్గేది... ఆఖరికి నడిరోడ్డు మీద గమ్మున ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. బాపు ఫిల్టరు మార్చాడు. పైపులు ఊది చూశాడు. ట్యాంకులోంచి డీజిల్ గుంజే ఫీడ్ పంపును విప్పి కడిగాడు. మార్పు లేదు.

"దిష్టి తాకింది, ఇంకేంది" అని బాపమ్మ తేల్చేసింది. శుక్రవారం ఒక్కటే సరిపోదని రోజూ బొట్లు పెట్టసాగింది. మూత మీద పసుపు మందంగా పేరుకుంది... జీపు ఇంకా తొందరగా ఆగసాగింది.

ఓ రోజు తొర్రూరు కూడా రాకముందే ఆగింది. వెనక సీట్లో యాకయ్య తాత, మేకల వ్యాపారి. ఒళ్లో మేకపిల్లను పట్టుకునే బాపును అడిగాడు.

"ఏందిరా సోమయ్యా, డీజిల్ పోసినవా, ఒట్టి గాలితోనే తోల్తానవా?"

"నిండ పోసిన మామా!"

"నువ్వు చెప్తె నేను నమ్ముత గని, నా మేకపిల్ల నమ్మది."

సవారీలంతా నవ్వుతుంటే తాత దిగి, పుల్ల ముంచి చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు.

హుస్స్స్... గాలి వచ్చింది. బయటికి కాదు, లోపలికి!

"ఓరి దీని... ఊపిరి తీసుకున్నదిరా ఇది!"

బాపు మూత అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు. దాని మధ్యలో సూది మొనంత చిల్లు ఉండాలి. సీసా మూతికి పెదాలు బిగించి తాగితే కాసేపటికి నీళ్లు రావడం ఆగిపోతుంది చూడండి... ట్యాంకూ అంతే. డీజిల్ తగ్గేకొద్దీ ఆ చిల్లులోంచి గాలి లోపలికి పోవాలి. పోకపోతే పంపు ఎంత గుంజినా డీజిల్ రాదు.

ఆ చిల్లు నిండా మా బాపమ్మ భక్తి.

సవారీల్లో ఒకామె గాజులకున్న పిన్నీసు తీసిచ్చింది. బాపు పొడిచి శుభ్రం చేశాడు. వరంగల్ దాకా జీపు మళ్లీ దగ్గలేదు.

ఇంటికొచ్చి చెప్తే బాపమ్మ ఒప్పుకుంటుందా... "నా బొట్టు బండినాపిందా? మస్తు చెప్పినవ్ పో!" అని మూతి తిప్పుకుంది. కానీ ఆ శుక్రవారం చూస్తే బొట్టు మూత అంచుకు జరిగింది. చిల్లు దగ్గర కొంగుతో తుడిచిన గుర్తు. ముసలమ్మ నోటితో ఒప్పుకోలేదు... చేత్తో దిద్దుకుంది.

ఇక మీ సంగతి.

ఆ జీపు ఇప్పుడు నేను తోలుతున్నాను. పత్తి ఏరే ఆడవాళ్లను చేన్లకు చేరవేస్తాను. అది నిలిచిపోతే వాళ్ల కూలీ పోతుంది, నా బువ్వ పోతుంది. మొన్న మీకు రంగు వేయమని ఇచ్చాం. బాగానే వేశారు... మరీ బాగా. ఆ తర్వాతే దగ్గు మొదలైంది. బాపు మళ్లీ మీ దగ్గరికే తెచ్చాడు. మీరు డీజిల్ ఎంత జోరుగా వస్తోందో కొలిచే గేజీ పెట్టి "ప్రెషర్ లేదు, పంపు ఖరాబైంది" అన్నారు. పాత పంపు ఉంచుకుని కొత్తది బిగించారు. బండి మళ్లీ ఆగింది. అప్పుడేమన్నారు? "ఇంజనే అయిపోయింది కాకా, తుక్కోళ్లను నేనే తోలిస్త."

మూత విప్పి చూశారా అని నేనడిగితే నవ్వారు. "గేజీ అబద్ధం చెప్తదా చెల్లె?"

చెప్పదు. ప్రెషర్ తక్కువే. ఎందుకు తక్కువో చెప్పడం గేజీ పని కాదు, మీ పని. జ్వరమొచ్చిందని తలకాయ మార్చే వైద్యం మీది.

నిన్న మా వాకిట్లో నేనూ ఒక గేజీ తెచ్చి పెట్టాను. ఇంజన్ నడుస్తుంటే ముల్లు మెల్లగా పడిపోతూ వచ్చింది. మూత విప్పాను. హుస్స్స్... ముల్లు లేచి నిలబడింది. మూత మీద చూస్తే చిల్లు నిండా మీ ఎర్ర రంగు! పిన్నీసుతో పొడిచి వర్ధన్నపేట దాకా పోయి వచ్చాను. ఒక్క దగ్గు లేదు.

బాపు అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. "నాకే యాదికి రావాల్సుండె గద బిడ్డా..." అన్నాడు. మీ అద్దాల గదిని చూసి ఆయన తన చేతులను నమ్మడం మానేశాడు. నాకు మండింది అక్కడ.

మా చిన్నప్పుడు బండి ఆగితే సవారీలంతా దిగి తలో చెయ్యి వేసేవాళ్లు... ఇప్పుడు బండి దగ్గితే చాలు, తుక్కోడికి ఫోను పోతోంది. మీ ఇళ్లలోనూ బతికున్న బండిని ఇలా పాడె ఎక్కించారా? కింద రాయండి, అందరూ చదవాలి.

ఓనరు గారూ, మీరు మాత్రం రాయడంతో సరిపెట్టొద్దు. మా పాత పంపు తెచ్చి మీ చేత్తో బిగించండి. ఇంజన్‌కు ఏమీ కాలేదని మా బాపు ముఖం చూసి చెప్పండి. వస్తారో రారో జవాబు ఇక్కడే, అందరి ముందు... శనివారం పొద్దుగూకే లోపు.