ఎన్నో కాన్పు?

మేడ్చల్ ఆసుపత్రిలో బరువు చూసే నర్సు తలెత్తకుండానే అడిగింది, "ఎన్నో కాన్పు?" అని.

"మొదటిది," అన్నాను.

ఆ అబద్ధానికి నేనేమీ తడబడలేదు. నోటికి అప్పటికే అలవాటైపోయింది. కూరగాయల బండి దగ్గర ఎవరడిగినా మొదటిదే, పక్కింటావిడ అడిగినా మొదటిదే. మా ఆయన నా పక్కనే నిలబడి, బరువు మిషను మీది అంకెను తెగ శ్రద్ధగా చూస్తున్నాడు. నర్సు రాసుకుంది. నా ఫైలు మొదటి పేజీలోనే నా మొదటి బిడ్డ లేకుండా పోయింది.

అంతకు రెండేళ్ల ముందు పురిటికని గోదావరి పక్కనున్న మా పుట్టింటికి వెళ్లాను. ఎనిమిదో నెల చివర్లో కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం మానేశాయి. తలనొప్పి వచ్చి పోతుండేది. ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాను. ఆ తర్వాత ఓ రెండు రోజులు కడుపులో కదలిక మందగించింది. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లంతా ఒకటే మాట: నెలలు నిండుతున్నాయి కదా, లోపల చోటు చాలక సర్దుకుని పడుకుంది. ఎంత ముద్దుగా ఉందో ఆ మాట! నాకూ నచ్చింది. సర్దుకుని పడుకుందిలే అనుకుని నేనూ పడుకున్నాను.

మూడో రోజు ఆసుపత్రికి వెళితే స్కానింగు చేస్తున్న డాక్టరు మధ్యలో తెరను నా వైపు నుంచి తిప్పేసింది. గుండె ఆగిపోయి ఉంది. నా బీపీ బాగా పెరిగిందని, బిడ్డకు అందాల్సింది అందలేదని, కదలిక తగ్గిన రోజే రావాల్సిందని ఆవిడ మా అమ్మతో చెబుతుంటే విన్నాను.

బిడ్డను నాకు చూపించలేదు. చూస్తే బెంగ పెట్టుకుంటానని పెద్దవాళ్లు తీర్మానించేశారు. మా ఆయనా, మా నాన్నా తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లారు. ఆడపిల్ల అన్న సంగతి ఆయా నోట విన్నాను. అంతకు మించి నాకేమీ తెలియదు. మొదటి వారంలో అడగలేకపోయిన మాటను ఏడాది తర్వాత ఏ మొహంతో అడగను?

తర్వాత ఆయనకు దుండిగల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు తీసుకున్నాం. మమ్మల్ని ఎరిగినవాళ్లు లేని చోటు కావాలని ఇద్దరికీ ఉంది, ఒకరికొకరం చెప్పుకోకపోయినా. అలాంటి చోటే దొరికింది. పొద్దున కాలేజీ బస్సెక్కి ఆయన వెళితే, సాయంత్రం దాకా ఆ ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. ఎవరికీ తెలియకపోతే హాయిగా ఉంటుందనుకున్నాను. ఎవరికీ తెలియకపోతే ఎవరితోనూ అనలేమని ఆలస్యంగా తెలిసింది.

మళ్లీ నెల తప్పిందని చెప్పగానే ఫోనులో మా అత్తగారు గొంతు తగ్గించారు.

"అది కాన్పు కింద లెక్క కాదమ్మాయ్. ఎవరడిగినా ఇదే మొదటిదని చెప్పు. ఆ ఊసు ఎత్తడం మంచిది కాదు."

ఆవిడ చెడ్డమనిషి కాదు. నా మేలు కోరే అన్నారు. అన్న మాట మీద నిలబడి, ఇది మొదటిది కాబట్టి సీమంతం కూడా చేస్తామన్నారు. పోయినసారి సీమంతానికి తొడిగిన గాజులు బీరువా అడుగున ఇంకా ఉన్నాయి. వాటికేం చెప్పమంటారని అడగాలనిపించింది. అడిగితే తల పొగరు అంటారు, ఎందుకొచ్చిన గొడవ.

ఐదో నెల దాటాక కడుపులో కదలిక తెలిసింది. అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎడమవైపు ఒత్తిగిలి పడుకునేదాన్ని. పక్కన రెండు గిన్నెలు, ఒకదాంట్లో చింతపిక్కలు. ఒక తన్ను తంతే ఒక పిక్క రెండో గిన్నెలో వేసేదాన్ని. దుండిగల్‌లో విమానాలు నడపడం నేర్చుకునేవాళ్లు ఒక్కోసారి మా ఇంటి మీదుగా తిరిగేవారు. ఆ మోతకు బిడ్డ ఉలిక్కిపడి కదిలితే, దాన్ని లెక్కలో వేయాలా వద్దా అని నాలో నేనే వాదించుకునేదాన్ని. ఇదంతా నా భయం కాక మరేమిటి? ఆయన వచ్చే వేళకు గిన్నెలు తీసి దాచేసేదాన్ని.

గౌడవెల్లి నుంచి మాకు పాలు పోసే ఆవిడ రోజూ పొద్దున్నే స్కూటీ మీద వచ్చేది. నల్ల బురఖా, వెనక సీటుకు కట్టిన క్యాను. ఆరో నెలలో ఒకరోజు పాలు పోస్తూ ఆగిపోయింది.

"గా కాళ్లేంది మేడం, గట్ల ఉబ్బినయి? ఎన్నో కాన్పు?"

"మొదటిది. అందరికీ ఉబ్బుతాయిలే," అన్నాను. మాట మార్చడానికి, "మీకెంతమంది?" అని అడిగాను.

"నలుగురు. ముగ్గురు బడికి పోతున్నరు. పెద్దోడు మా ఖబ్రస్తాన్ల ఉన్నడు. పుట్టినప్పుడు ఏడ్వలే."

మట్టిలో ఉన్నవాణ్ణి పోయాడు అనలేదు. ఉన్నడు అంది.

"ఆ పిల్లాడినీ లెక్కపెడతారా?"

"పెట్టకుంటె? మోసిన గద మేడం. నా కొడుకు గాకుంటె మరెవ్వరి కొడుకు?"

"నాకు ఇది రెండోది," అన్నాను. ఆ కాలనీలో, ఆ ఇంట్లో, ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఏడ్చేశాను. ఆవిడ నా చేతిలోని పాలగిన్నె అందుకుని పక్కన పెట్టి, నా ఏడుపు తగ్గేదాకా నిలబడింది.

"డాక్టరమ్మకు ఎరుకేనా?"

"లేదు."

"అయ్యో అల్లా! గామెకు చెప్పకుంటె ఎట్ల మేడం? నా రెండోదానప్పుడు ముందుగాల చెప్పిన. మస్తు జాగ్రత్తగ చూసింది. జల్దీ పోయి చెప్పు."

ఆ రోజు ఆయనచేత సెలవు పెట్టించాను. మేడ్చల్‌లో డాక్టరు గదిలో కూర్చోగానే, ఆలోచిస్తే మళ్లీ మింగేస్తానని, చెప్పేశాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది.

"నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావమ్మా? ఒకసారి అలా అయినవాళ్లకు మళ్లీ అయ్యే భయం ఎక్కువ. మూడో నెలలోనే ఒక చిన్న మాత్ర మొదలుపెట్టేదాన్ని. ఆ వేళ కాస్తా దాటిపోయింది."

తిట్టింది, బాగానే తిట్టింది. తిడుతూనే బీపీ చూసింది. పైకే ఉంది. మాత్రలు రాసింది, స్కానింగులు దగ్గర దగ్గరగా పెట్టింది. ఫైలులో మొదటి పేజీకి వెళ్లి 'మొదటిది' అన్నదాన్ని కొట్టేసి, "అప్పుడు ఎన్నో నెల? బరువెంత?" అని అడిగింది.

నెల చెప్పాను. బరువు నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోంచి మా ఆయన గొంతు వినపడింది.

"రెండు కిలోలకు కొంచెం తక్కువండీ. ఆడపిల్ల. తల నిండా జుట్టు."

జుట్టు సంగతి ఆవిడ అడగలేదు. పెన్ను ఆపి ఒక్క క్షణం ఆయన వంక చూసి, బరువు రాసుకుంది.

బయటికొచ్చాక, "ఎప్పుడూ చెప్పలేదే మీరు," అన్నాను.

"నువ్వు అడగలేదు. అడిగితే చెబుదామనుకున్నాను," అన్నాడు. రెండేళ్లు ఒకే కంచం దగ్గర కూర్చుని ఇద్దరం చెరొకచోట ఉన్నామని అప్పుడు తెలిసింది. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

తొమ్మిదో నెల పడ్డాక ఒక మధ్యాహ్నం పిక్కలు ఒక గిన్నెలోంచి రెండో గిన్నెలోకి కదల్లేదు. గంటలో రెండంటే రెండే. అత్తగారికి ఫోను చేశాను. "నెలలు నిండాయి కదమ్మాయ్, సర్దుకుని పడుకుని ఉంటుంది," అన్నారు. సరిగ్గా అదే మాట. "లేదత్తయ్యా, వెళుతున్నాను," అని పెట్టేశాను. ఆయనకు ఫోను కలవలేదు. రోడ్డు మీదకు వచ్చి ఆటో ఎక్కాను. మేడ్చల్ దాకా కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కదులు తల్లీ, ఒక్కసారి కదులు అని బతిమాలుతూనే ఉన్నాను.

ఆసుపత్రి గుమ్మంలో కొత్త నర్సు ఆపింది. "ఎన్నో కాన్పు?"

"రెండోది. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఇప్పుడు కదలిక తగ్గింది."

ఆ అమ్మాయి ఇంకేమీ అడగకుండా చక్రాల కుర్చీ లాక్కొచ్చింది. బీపీ పట్టీ చుట్టారు, కడుపుకు బెల్టు కట్టారు. గుండె కొట్టుకుంటోంది కానీ డాక్టరుకు దాని తీరు నచ్చలేదు. ఆగడం మంచిది కాదని ఆపరేషన్‌కు తీసుకెళ్లిపోయింది. ఆకుపచ్చ గుడ్డకు ఇవతల నేను పడుకుని ఉన్నా నా చెవులు అవతలే ఉన్నాయి. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా, చిరాగ్గా ఒక ఏడుపు. అంత కోపంగా ఏడ్చే మనిషిని నేనింతవరకు చూడలేదు.

సాయంత్రం నన్ను గదిలోకి తెచ్చేసరికి మా ఆయన వచ్చి ఉన్నాడు. కాలేజీ ఐడీ కార్డు ఇంకా మెడలోనే వేలాడుతోంది. బిడ్డ తలకు కట్టిన గుడ్డను మెల్లగా పక్కకు జరిపి చూస్తున్నాడు. నాకు లేచే ఓపిక లేదు.

"జుట్టుందా?" అని అడిగాను.

"దీనికి తక్కువే," అన్నాడు. "వాళ్లక్కకి చాలా ఉండేది."