నేను నునుపు చేసిన బాయిలరు

మా మామగారు గోల్‌మురి మార్కెట్ దగ్గర రోడ్డు మీద కూలబడిపోయారని పొద్దున్నే ఎవరో ఆయన ఫోన్ నుంచే మాకు చెప్పారు. గుండె ఆగిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. ఏడుస్తూనే, ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన మా ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "గోల్‌మురి మే నాన్నకా క్యా కామ్ థా?" అక్కడ నాన్నకేం పనని. మేముండేది అక్కడికి గంట నడకలో ఉన్న సీతారాండేరాలో. వాకింగ్ అంటే వీధి చివరిదాకా వెళ్లొస్తున్నారనుకున్నాం. నాలుగు నెలలు అలాగే అనుకున్నాం.

ఆయన ఉక్కు ప్లాంటులో గుండ్రటి ఇనప రోల్స్‌ని లేత్ మెషీన్ మీద చెక్కి రిటైరైన మనిషి. నాది ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద ఫొటోలు అతికే పని. డబ్బాలు, గిన్నెలు, పైపులు అమ్మేవాళ్లు ఫోన్లో తీసిన ఫొటో పంపుతారు. దాని వెనక మంచి వంటిల్లు పెట్టి, డబ్బాకి కొత్త లేబుల్ చుట్టి, అసలు ఫొటోలాగే చేసి ఇవ్వాలి. కొత్తలో నాకు గుండ్రటి వస్తువులు అస్సలు కుదిరేవి కావు. ఓ రోజు మామగారు వెనక నిలబడి చూసి, "ఏటమ్మా, డబ్బాకి అట్టముక్క అంటించినట్టుంది" అన్నారు.

నాకు చిర్రెత్తింది. ఆయన పట్టించుకోలేదు. వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి, దానికి గీతల కాగితం చుట్టి నా కళ్లెదుట పెట్టారు.

"చూడు. నీ కంటికి కిందున్న గీత పొట్ట కిందకి దించుద్ది. గ్లాసు పైకెత్తితే అదే గీత పైకి వంగుద్ది. అక్షరాలు పక్కలకి పోయేకొద్దీ ఇరుకవుతాయి. ఇంకోటి. అంచు నల్లగా ఉండదు. నలుపు దాటేక సన్నగా వెలుతురు తిరిగొత్తాది, బల్ల మీంచి. అది నువ్వు పెట్టలేదు."

పెట్టాను. ఆ సన్నటి వెలుతురు పెట్టగానే డబ్బా చేతికందేలా లేచి వచ్చింది. అప్పట్నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. మౌస్ ముట్టుకునేవారు కాదు. పెన్ను మూతతో తెర మీద చూపించేవారు. బాగుందని ఎప్పుడూ అనలేదు. "చలేగా", పర్లేదులే, అంటే అదే పెద్ద మెప్పు. ఈ రోజు నాకింత పని వస్తోందంటే ఆ స్టూలే కారణం.

ఆ పని వల్లే తప్పు కూడా చేశాను. పాత మెషీన్లు అమ్మే ఒకతను ఆవిరి బాయిలర్ ఫొటో పంపాడు. వంటశాలల్లో అన్నం, ఇడ్లీ ఉడికించడానికి వాడే నిలువు డ్రమ్ము. ఒక పక్క కాస్త ఎత్తుగా ఉంది. "భాభీ, జరా గోల్ కర్ దీజియే" అన్నాడు, కాస్త గుండ్రంగా చెయ్యమని. ఫొటోలోనే రెండో పక్క నుంచి రేకు ముక్క తీసి, తిప్పి అతికాను. నీడ మార్చాను. కిటికీ మెరుపు వంపు తిరిగేలా సాగదీశాను. రెండు రోజులు పట్టింది. అంత బాగా నేనింకేదీ చేయలేదు. గర్వంగా మామగారికి చూపించాను.

"అసలు ఫొటో తియ్యి" అన్నారు. తీశాను. చాలాసేపు చూశారు.

"ఇది సొట్ట కాదమ్మా. సొట్టయితే లోపలికి పోద్ది. ఇది బయటికి ఉబ్బింది. లోపల రేకు పల్చబడిపోయింది. ఆవిరి బిగిస్తే పేలుద్ది. ఎవులు కొంటన్నారు దీన్ని?"

"నాకేం తెలుసు మామయ్యా? నా పని ఫొటో వరకే."

"పంపకమ్మా."

మా ఆయన లోపల్నుంచి, "నాన్నా, హర్ చీజ్ మే మత్ పడియే" అని, అన్నిట్లో తలదూర్చొద్దని విసుక్కున్నాడు. నేను ఇద్దరి మాటా విని, పంపించేశాను.

మర్నాటి నుంచి ఆయన స్టూలు దగ్గరికి రాలేదు. ఒకసారి పిలిస్తే, "ఇంకేటి నేర్పాలి నీకు" అన్నారు. పెద్దాయన పంతం అనుకుని నేనూ బిగుసుకున్నాను. ఇంటి విషయాలన్నీ మాట్లాడుకునేవాళ్లం, ఒక్క ఫొటోల సంగతి తప్ప.

ఆయన పోయిన పన్నెండో రోజున ఒకావిడ గుమ్మంలోకొచ్చి ఆయన పటానికి దణ్ణం పెట్టింది. గోల్‌మురిలో ఒక మెస్సులో వంట చేస్తుందట.

"బాబాయి రోజూ వచ్చీవోరమ్మా, పొయ్యి ఎలిగించకముందే. అమ్మినోడి గొడౌన్ కాడ రెండ్రోజులు కూకుని మా అడ్రసు కనుక్కున్నారంట. ఆ బాయిలరు వాడొద్దని మా మాలిక్‌కి, ఓనరుకి, ఎన్నిసార్లు చెప్పీసేరో. ఆయనేమో కొన్నప్పటి ఫొటో చూపించీవోడు. 'దేఖియే బాబా, ఏక్‌దమ్ గోల్ హై. గుండ్రంగానే ఉంది, ఉబ్బు మీ కళ్లలో ఉంది' అని నవ్వీవోడు."

"ఆ ఫొటో గురించి మామయ్య ఏమన్నారు?"

"ఏటీ అన్లేదమ్మా."

ఆ ఫొటో నా కోడలు చేసిందని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుగు నెలలు నవ్వులపాలవుతూ కూడా ఆ మాట అనలేదు.

మర్నాడు పొద్దున్నే మెస్సుకి వెళ్లాను. వెనక రేకుల షెడ్డులో ఉంది బాయిలరు. ఉబ్బు చుట్టూ సుద్దతో గీసిన గీతలు, ఒకదాని బయట ఒకటి. అది ఎంతవరకు పెరిగితే అంతవరకు ఆయన గీత గీసుకుంటూ వచ్చారు. కుడివైపున ఉబ్బు ఆఖరి గీత దాటేసింది.

మాలిక్ వచ్చాడు. నేను బాయిలరు మాటెత్తగానే తన ఫోన్‌లో ఆ ఫొటో చూపించబోతే ఆపాను. "వో ఫొటో మైనే బనాయా హై" అన్నాను, ఆ ఫొటో చేసింది నేనేనని. నా ఫోన్‌లో అసలు ఫొటో చూపించాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. వెళ్లి గ్యాస్ కట్టేశాడు. ఆ పూట మెస్సులో అందరికీ అటుకులు పెట్టారు.

ఇంతే. ఒక్క వాక్యం. ఆయన బతికున్నప్పుడే నేను అనాల్సిన వాక్యం. అని ఉంటే ఆ చలిలో, ఆ వయసులో సీతారాండేరా నుంచి గోల్‌మురికి రోజూ నడిచేవారు కాదు. మీలో ఎవరైనా ఆ దారిలో మఫ్లర్ చుట్టుకుని తొందరగా నడిచే పెద్దాయన్ని చూసి ఉంటే, ఆయన వాకింగ్‌కి వెళ్లడం లేదని ఇప్పుడు చెబుతున్నాను. నేను చేసిన పనికి కాపలా కాయడానికి వెళ్తున్నారు.

నేను బయల్దేరేసరికి వంటావిడ తడిగుడ్డతో బాయిలరు తుడుస్తోంది. పైనుంచి తుడుచుకుంటూ వచ్చి, సుద్ద గీతల దగ్గర చెయ్యి ఆపింది. గుడ్డ పక్కకి తిప్పి, వాటి చుట్టూ మాత్రం తుడిచింది.