కుర్చీలోంచి షికాగో

షికాగో చూడటానికి ఒంటరిగా బయలుదేరి వచ్చిన ఆర్డిస్ క్లూవర్ తన మొదటి మూడు రోజులనూ ఒకే వీధిలో, ఒకే కుర్చీ మీద కూర్చుని గడిపింది. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. ఎవరూ కట్టి పడెయ్యలేదు. కూర్చోమన్నారు, కూర్చుంది.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. ఊరు అయోవాలో, షికాగోకి మూడు వందల మైళ్లు. అక్కడి ధాన్యం గిడ్డంగి దగ్గర మొక్కజొన్న లారీలను కాటా వేసే పని ముప్ఫై ఒక్కేళ్లు చేసింది. లారీ కాటా ఎక్కేది, ఆమె కిటికీలోంచి అంకె చూసి చీటీ రాసిచ్చేది, లారీ దిగి ఎక్కడికో వెళ్లిపోయేది. ఎవరికీ ఏనాడూ కాదని చెప్పిన మనిషి కాదు. చర్చిలో విందు అంటే బంగాళదుంపల చెక్కు తీసే పని ఎవరూ అడక్కుండానే ఆమెది. పక్కింటివాళ్లు ఊరెళ్తే వాళ్ల పిల్లులు కూడా ఆమె గుమ్మంలోనే వచ్చి కూర్చునేవి.

గిడ్డంగిలో యంత్రం పెట్టి ఆమెను ఇంటికి పంపించినప్పుడు మొదటిసారి ఒక కోరిక బయటపెట్టింది. అవతలి ఒడ్డు కనిపించని నీళ్లు చూడాలి. మిషిగన్ సరస్సు అలాగే ఉంటుందని విన్నది. చెల్లెలు నవ్వి, రెండో రోజుకల్లా తిరిగొచ్చేస్తావు చూడు అంది. ఆర్డిస్ గురువారం ఉదయానికి షికాగోలో బస్సు దిగింది. తిరుగు బస్సు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి.

ఆ వారం షికాగోలో రెండడుగుల మంచు పడింది. ఆర్డిస్ అద్దెకు తీసుకున్న గది నగరానికి పడమటివైపు, ఇటుక ఇళ్ల వరస మధ్య ఉంది. మూడు గంటలయ్యాకే తాళం చెవి ఇస్తామన్నారు. పెట్టె పట్టుకుని నిలబడ్డ ఆమెకు రోడ్డు వారన, మంచు తవ్విన ఖాళీలో, రెండు వంటింటి కుర్చీలూ వాటి మీద అడ్డంగా ఒక ఇస్త్రీ బల్లా కనిపించాయి. పట్నంవాళ్ల గురించి తమ ఊళ్లో అనుకునే చెడ్డమాటలన్నీ గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. దారిన పోయేవాళ్ల కోసం కుర్చీలు వేశారు, తిండి పెట్టుకోవడానికి బల్ల కూడా వేశారు. ఒక కుర్చీని కాలిబాట మీది ఎండలోకి లాక్కుని, రెండోదాన్నీ ఇస్త్రీ బల్లనూ తన ముందుకు జరుపుకుని, కూర్చుని శాండ్‌విచ్ పొట్లం విప్పింది.

ఒక ముక్క కొరికేలోగా ఎర్ర కారొకటి వచ్చి ఆ ఖాళీలో దూరింది.

పక్క ఇంటి మెట్లు దిగి బ్రోనియా కుఖ్తా వచ్చింది. డెబ్బై రెండేళ్లు, అయిదడుగుల మనిషి, చేతిలో గరిటె. తిన్నగా వెళ్లి కారు అద్దం మీద గరిటెతో కొట్టింది. కారులోని ఆయన, ఇక్కడ కుర్చీ ఏదీ లేదు కదండీ అన్నాడు.

"ఉంది. దాని మీద ఆవిడెవరో కూర్చుని తింటోంది," అంది బ్రోనియా.

ఆయన గరిటెను చూశాడు, ఆర్డిస్‌ను చూశాడు, కారు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు బ్రోనియా ఇటు తిరిగింది.

"ఎక్కడిదానివి తల్లీ నువ్వు?"

"అయోవా అండీ."

"అయోవాలో కుర్చీలుండవా?"

"ఉంటాయండీ. ఇంట్లో ఉంటాయి."

బ్రోనియాకు కోపం తెచ్చుకోవాలో జాలి పడాలో తెలియలేదు. పక్కనే నిలబడి విషయమంతా చెప్పింది. కారు నిలుపుకోవడానికి ఆ జాగా తవ్వింది ఆమె మొగుడు కాజ్. మంచు తవ్వినవాడిదే జాగా, కుర్చీ పెట్టాక దాన్ని ముట్టుకునేవాడు ఈ ఊళ్లో పుట్టలేదు. కాజ్ ఆఖరి పార మంచు ఎత్తి పోస్తూ కాలుజారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సులోకి ఎక్కిస్తున్నప్పుడు కూడా అమ్మా అనలేదు, కుర్చీలు పెట్టావా అని అడిగాడు. ఆపరేషన్ అయింది. ఆదివారం మధ్యాహ్నం మేనల్లుడు కారులో తీసుకొస్తాడు. పది అడుగులకు మించి నడవకూడదన్నారు. జాగా నుంచి మెట్లకు ఎనిమిది అడుగులు, బ్రోనియా టేపుతో కొలిచింది.

"ఇప్పుడు వీధంతా చూసింది, నా కుర్చీ కదిలిందని," అంది. "ఒకసారి కదిలిన కుర్చీకి ఇక పరువేముంటుంది? ఎవడైనా తీసి పక్కన పెడతాడు. మనిషి కూర్చుంటే తప్ప."

ఎంతసేపు కూర్చోవాలని ఆర్డిస్ అడిగింది. ఆదివారం దాకా అంది బ్రోనియా, చాలా మామూలుగా. చీకటి పడ్డాక పరవాలేదట. అప్పటికి అందరి కార్లూ ఎక్కడివక్కడ సర్దుకుంటాయి, ఇస్త్రీ బల్ల చాలునట.

చీకట్లో సరస్సు చూసి ఏం లాభం అని ఆర్డిస్ అనుకుంది. కానీ తప్పు తనది. పైగా ఆ ముసలాయన తుంటి. సరస్సు రేపు కూడా అక్కడే ఉంటుంది కదా. కుర్చీని మళ్లీ ఖాళీ మధ్యలోకి లాక్కుని కూర్చుంది.

చలి ఆమెకు లెక్క కాదు, అయోవా చలి ముందు ఇది పిల్లచలి. బ్రోనియా దుప్పటీ, వేడినీళ్ల సంచీ, క్యాబేజీ సూపూ తెచ్చిపెట్టింది. శుక్రవారం బంగాళదుంప కూరిన పిరోగీలు, కజ్జికాయల్లాంటివి, వాటి మీద వేయించిన ఉల్లిపాయ. ఆ రోజే ఎదురింటి రెజీ టిబ్స్ రోడ్డు దాటి వచ్చాడు. అతను పోస్టాఫీసులో పనిచేస్తాడు. అతని జాగాకు గుర్తు పాడైపోయిన ఒక ట్రెడ్‌మిల్, ఇంట్లో నడిచే యంత్రం.

"మీరెలాగూ ఇటే చూస్తూ కూర్చుంటున్నారు కదా," అన్నాడు, టోపీ తీసి. "నా యంత్రం మీద కూడా ఓ కన్నేసి ఉంచుతారా?"

సరేనంది. సాయంత్రానికి తొమ్మిది జాగాలు ఆమె చూపు కిందికి వచ్చాయి. వీధివాళ్లు ఆమెను అయోవా అనే పిలవడం మొదలుపెట్టారు. ఎవరి పార ఎవరు తీసుకెళ్లారో, పొద్దున్నే ఎవరు ఎటు వెళ్లారో అయోవాను అడిగితే తెలిసేది.

మంచి కోట్లు వేసుకున్న భార్యాభర్తలు ఆగి సరస్సుకు దారెటని కూడా ఆమెనే అడిగారు. బ్రోనియా తనకు ఎలా చెప్పిందో అలాగే చెప్పింది: తిన్నగా తూర్పుకు, నాలుగు మైళ్లు, బస్సెక్కి వీధి అయిపోయేదాకా దిగకండి. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చి, ఎంత బాగుందో చూడమని ఫోనులో ఫొటో చూపించబోయారు. ఆర్డిస్ దుప్పటి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"వద్దండీ. నేనింకా చూడలేదు."

"మీరీ ఊరివారు కారా?"

"ఈ కుర్చీ దాన్నండీ," అంది. అంతకంటే సరైన జవాబు ఆమెకు తోచలేదు.

శనివారం నగరపాలక సంస్థ లారీ వచ్చింది. రోడ్డు మీది సామాను ఎత్తెయ్యమని వాళ్లకు పైనుంచి మాట వచ్చిందట. వీధి చివర నుంచి వరసగా బకెట్లు, స్టూళ్లు ఎత్తి పడేస్తూ ఆర్డిస్ దాకా వచ్చి ఆగారు. లేవండమ్మా అన్నాడు పెద్ద మీసాల పనివాడు. లేస్తే కుర్చీ తీసుకుపోతారు కదా అని ఆమె అడిగింది. అవునన్నాడు. అయితే లేవకూడదు కదండీ అంది, ఎంతో మర్యాదగా, అతని ఇబ్బంది తనకు అర్థమైనట్టుగా. అతను దూరంగా వెళ్లి పైవాళ్లకు ఫోను చేశాడు. మనిషి ఉన్న కుర్చీ సామాను కిందికి వస్తుందా రాదా అని అతను మూడుసార్లు అడగడం వీధంతా విన్నది. రాదని తేలింది.

ఆ మాట చెవిన పడగానే తలుపులు తెరుచుకున్నాయి. రెజీ వచ్చి తన నడక యంత్రం మీద నిలబడ్డాడు. పక్కింటావిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. మరో పావుగంటకు పద్నాలుగు జాగాల్లో పద్నాలుగు మంది, కొందరు ఇంటి చెప్పులతోనే, ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. లారీ మెల్లగా వాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా చాలాసేపు ఎవరూ లేవలేదు. ఎదురింటివాళ్లతో కూర్చుని మాట్లాడి చాలా ఏళ్లయిందట.

ఆదివారం పన్నెండు గంటలకు ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. డాక్టరు సంతకం ఇంకా కాలేదు, ఒకటిన్నరకు గానీ బయలుదేరరు. బ్రోనియా ఆ మాట చెప్పి, సూపు తేనా అని అడిగింది.

ఆర్డిస్ తూర్పు వైపు చూసింది. నాలుగు మైళ్లు పోవాలి, చూడాలి, అక్కడి నుంచి మూడింటికల్లా బస్టాండు చేరాలి. ఒకటిన్నర దాకా కూర్చుంటే ఇక ఆ సరస్సు లేనట్టే. మళ్లీ వస్తాననే అబద్ధం తనతో తాను చెప్పుకోలేకపోయింది.

"బ్రోనియా గారూ, నేను లేస్తున్నానండీ."

"లేస్తే ఎలాగమ్మా? ఎవరు కూర్చుంటారు?"

"మీరు కూర్చోండి."

ఎదురుగా రెజీ పార ఆపి చూశాడు. బ్రోనియా తన వంటింటి కుర్చీని ఇంతకుముందెప్పుడూ చూడనట్టు చూసింది. మూడు రోజుల్లో ఈ ఆలోచన ఆ వీధిలో ఎవరికీ రాలేదు.

"నేనా? వంటెవరు చూస్తారు?"

"సూపు పొయ్యి మీద దానంతటదే ఉడుకుతుందండీ," అంది ఆర్డిస్. లేచి, దుప్పటి మడతపెట్టి కుర్చీ మీద వేసింది. బ్రోనియా గరిటెతో సహా కూర్చుంది. కూర్చుని, అటూ ఇటూ చూసి, ఇక్కణ్ణుంచి చాలా కనిపిస్తుందే అంది. ఆర్డిస్ రాసిచ్చిన ఫోను నంబరును బ్రోనియా అంగీ జేబులో పెట్టుకుంది.

బస్సులో ఆర్డిస్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, వీధి అయిపోయేదాకా దిగలేదు. దిగి, పెద్ద రోడ్డు కిందుగా ఉన్న దారిలో నడిచి, అవతలికి వచ్చింది.

తెల్లగా ఉంది. సరస్సు గడ్డకట్టి, దాని మీద మంచు పడి, పైన ఆకాశం కూడా అదే రంగులో దిగి ఉంది. నీళ్లు లేవు. అవతలి ఒడ్డు లేదు, నిజమే. జనవరిలో అయోవాలో తన వంటింటి కిటికీ తెరిస్తే కనిపించే మొక్కజొన్న చేను కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. మూడు వందల మైళ్లు వచ్చి, మూడు రోజులు కూర్చుని, ఆమె తన కిటికీ ముందుకే వచ్చి నిలబడింది. నవ్వు రాబోయింది. అప్పుడు ఆ చేను కాస్త పైకి లేచింది.

రెండు కావస్తుండగా ఫోను మోగింది. బ్రోనియా. కాజ్ వచ్చాడు, కారు జాగాలో పట్టింది, ఎనిమిది అడుగులూ నడిచి మెట్లెక్కాడు. జాగా వంకరగా తవ్వానని ఇప్పుడు తెలిసిందట, దాని గురించి బాధపడుతున్నాడు.

"ఇంతకీ ఎలా ఉంది సరస్సు?" అంది. "నేను చూసి పదకొండేళ్లయింది."

"మా చేను లాగే ఉందండీ."

"దానికోసమా అంత హడావుడిగా లేచి పోయావు?"

"కానీ ఇది కదులుతోందండీ. జానెడు లేచి, మళ్లీ దిగుతోంది. లేచినప్పుడల్లా లోపల ఏదో మూలుగుతోంది."

అటువైపు మగగొంతు ఏదో అడిగింది.

"ఫోను అటు తిప్పి పట్టుకోమంటున్నాడు," అంది బ్రోనియా. "వింటాడట."

ఆర్డిస్ చేతి తొడుగు తీసేసి, చెయ్యి చాచి, ఫోనును సరస్సు వైపు పట్టుకుంది. వేళ్లు మొద్దుబారాక రెండో చేతిలోకి మార్చుకుంది.